తిథి తెలియని తద్దినము

రాజమహేంద్రవరమున కోటిలింగాల రేవుకు పితృకార్యమునకై వచ్చిన గృహస్థుని పురోహితుడు గోత్రము, పేరు, పోయిన తిథి అడుగును. ఈ మూడవదానికి బదులు చెప్పలేని కుటుంబములకు మన పూర్వులు ఒక దారి చూపిరి. దేశాంతరము పోయి జాడ తెలియకున్నవానికై పండ్రెండేండ్లు ఎదురుచూచి, పిమ్మట 360 మోదుగాకులతో మనిషి రూపు కూర్చి, తలకు మారుగా టెంకాయ నుంచి, ఆ బొమ్మకే దహనసంస్కారము చేయుదురు. ఆకుల చితికి నిప్పంటించు కొడుకు చేతివణుకు నెరిగిన గోదావరి సీమవారికి పంజాబు తల్లుల దుఃఖము వేరుగ వివరింప నక్కరలేదు.

సిక్కులకు ప్రత్యేక దేశము కోరిన ఖలిస్తాను కలహకాలమున అచట పోలీసులు కొనిపోయిన బిడ్డలు తిరిగి రాలేదు. అమృతసరులో సహకార బ్యాంకున పనిచేసిన జస్వంత్ సింగ్ ఖల్రా, కనబడకుండ పోయినవారిని వెదకుచు శ్మశానములకే పోయి, దిక్కులేనివని అర్థమిచ్చు 'లావారిస్' అను మాటక్రింద పోలీసులు కాల్పించిన శవముల పద్దులను, వానికై తెచ్చిన కట్టెల లెక్కలను చదివెను. హంతకుడు దాచినదానిని కట్టెల లెక్క దాచలేకపోయినది! 1995 జనవరిలో ఆయన ఆ సంగతి లోకమునకు చాటెను. సెప్టెంబరు 6న ఆయననే ఇంటిముందునుండి ఎత్తుకొనిపోయిరి. భార్య పరంజీత్ కౌర్ సుప్రీంకోర్టు నాశ్రయింపగా, సి.బి.ఐ. విచారణలో అమృతసరు జిల్లాలోని మూడు శ్మశానములలోనే 2,097 దహనములు బయటపడినవి. అందు 1,238 మందికి పేరే లేదు.

"మీరు తీసికొనిపోయినవాడేడీ?" అను ఈ ప్రశ్నను నాటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1974లో ఏర్పడిన పౌరహక్కుల సంఘము ఏండ్ల తరబడి అడిగినది. దాని అధ్యక్షుడు, న్యాయవాది కన్నబిరాన్ నిర్బంధితుని కోర్టు ముందుంచుమను హెబియస్ కార్పస్ పిటిషన్లతో హైకోర్టు మెట్లెక్కుచునే యుండెను. సంఘ నాయకుడు, శిశువైద్యుడు డాక్టర్ రామనాథము 1985 సెప్టెంబరు 3న వరంగల్లున తన వైద్యశాలలోనే హతుడయ్యెను. ఆ సంఘము ఫిర్యాదుపైననే జాతీయ మానవహక్కుల సంఘము, పోలీసులు ఎదురుకాల్పులని చెప్పు మరణములపై కేసు నమోదుచేసి విచారింపవలెనని 1996 నవంబరు 5న తీర్పు చెప్పినది. నెల దాటి కొలదిదినములకే, డిసెంబరు 12న, సుప్రీంకోర్టు పంజాబు దహనముల వ్యవహారమును ఆ జాతీయ సంఘమునకే అప్పగించినది. మనవారి మొరయు, పంజాబువారి మొరయు ఒకే గుమ్మమును చేరినవి.

ఖల్రా అపహరణ, హత్యల కేసున 2005లో ఆరుగురు పోలీసులకు శిక్ష పడినది. సాక్షి చెప్పినదానినిబట్టి ఆయన దేహమును హరికె వద్ద కాలువలో పారవైచిరి. ఏ శ్మశానపు పద్దులోను ఆయన పేర కట్టెల లెక్క లేదు.