ధన్వంతరి పేర వెలసిన టీకా

తెలుగు సంస్కృతజన్యం కాదని మొదట సోపపత్తికంగా నిరూపించినదెవరని అడిగితే మనలో చాలామంది కాల్డ్వెల్ పేరు చెబుతారు. కాల్డ్వెల్ గ్రంథం వెలువడింది 1856లో. అంతకు 40 ఏండ్ల మునుపే, 1816లో, కాంబెల్ దొర తెలుగు వ్యాకరణానికి చేర్చిన వ్యాసంలో ఆ పని చేసినవాడు చెన్నపట్నం కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. విద్యార్థిదశలో ఆయనపై నాకు ఏర్పడిన గౌరవం నేటికీ చెక్కుచెదరలేదు. అయితే ఆ మహానుభావుడు చేసిన మరొక పనిని గూర్చి మన భాషాచరిత్రలు అంతగా ముచ్చటించవు. అది మశూచికి సంబంధించినది.

జెన్నర్ 1796లో గోమశూచి రసంతో టీకా వేసి చూచాడు. 1802 జూన్‌లో ఆ రసం బాగ్దాదు, బస్రాల మీదుగా బొంబాయి చేరింది. అక్కడ మూడేండ్ల అన్నా డస్ట్‌హాల్ అనే పాపకు మన దేశంలో తొలి టీకా పడింది. ఆనాడు మందును చల్లగా నిలువచేసే సాధనాలు లేవు. ఒకరి చేతి పొక్కులోని రసాన్ని తీసి మరొకరి చేతికి ఎక్కించడమే పద్ధతి. జనానికా, మశూచి రోగం కాదు, అమ్మవారు పోయడం. వేపమండలు కట్టి, చలిది నైవేద్యం పెట్టి తల్లిని చల్లగా సాగనంపాలి. ఏ ఇంటి బిడ్డదో, ఏ కులపు బిడ్డదో తెలియని పొక్కు రసాన్ని తమ పసివాని ఒంట్లోకి ఎక్కిస్తామంటే ఏ తల్లి చేయి చాపుతుంది?

దీనికి ఎల్లిస్ కనుగొన్న ఉపాయం ఒక కథ. గోమశూచిని గూర్చి శక్తికీ ధన్వంతరికీ నడచిన సంవాదంగా ఆయన తమిళంలో ఒక రచన చేశాడు. గోవు పవిత్రం, ధన్వంతరి ప్రమాణం, పైగా చెప్పేది సాక్షాత్తు అమ్మవారు. ఇక అభ్యంతరమేమున్నదని ఆయన ఊహ కాబోలు! ఆయన సంస్కృతంలోనూ శ్లోకాలు కట్టి, పాత కాగితంపై వ్రాయించి, ఎక్కడో దొరికిన ప్రాచీనగ్రంథంగా చూపించాడని తరువాతి ఆంగ్లరచనలు చెబుతున్నాయి.

1819లో ‘మద్రాస్ కొరియర్’ పత్రికలో ‘కల్వి విరుంబోన్’ అన్న మారుపేరుతో ఒక లేఖ వచ్చింది. విద్యాభిలాషి అని ఆ తమిళపదానికి అర్థం. ఆవు పొదుగు మీది పొక్కు నుండి గాని, మనిషి భుజానికీ మోచేతికీ నడుమ ఉన్న పొక్కు నుండి గాని రసం తీసి కత్తిమొనతో గుచ్చవలెనని ధన్వంతరి వ్రాసినట్లు అందులో ఉన్నది. ఇది అచ్చంగా ఆనాటి దొరల వైద్యుల పద్ధతి! చరకంలో గాని సుశ్రుతంలో గాని ఈ విధి లేదు. ఎల్లిస్ ఆ సంవత్సరమే రామనాథపురంలో గతించాడు. మాట మాత్రం బ్రతికిపోయింది.

ఎంతగా బ్రతికిందంటే, 1905లో గిండీలో కింగ్ వైద్యసంస్థను ప్రారంభిస్తూ సాక్షాత్తు మద్రాసు గవర్నరు ఆంప్ట్‌హిల్ ప్రభువు, ప్రాచీనభారతంలో గోమశూచి టీకా ఉండి ఉండవచ్చునని, కర్నల్ కింగ్ చూపిన ధన్వంతరి వాక్యమే ఇందుకు ఆధారమని ఉపన్యసించాడు. దొరల కొలువులో పుట్టిన కల్పన 86 ఏండ్లు తిరిగి దొరల నోటనే ప్రమాణమై పలికింది. 1987లో డొమినిక్ వూయస్తిక్ ఈ వృత్తాంతాన్ని పరిశోధించి, తన వ్యాసానికి ‘ధర్మబుద్ధితో చేసిన మోసం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. 2021లో కోవిడ్ టీకాల వేళ అదే ధన్వంతరి వాక్యం నా ఫోనుకూ వచ్చింది, పంపినవారు నా పూర్వవిద్యార్థులే. (మా పండితుల నిఘంటువులో టీక అంటే వ్యాఖ్యానం. మూలమే లేనిదానికి టీక ఏమిటని జవాబు వ్రాశాను.)

ఎల్లిస్ ఉద్దేశం మంచిదే. ప్రాణాలు నిలపాలన్నదే ఆయన తపన. కాని తల్లులకున్న జంకు శాస్త్రప్రమాణం లేదని కాదు. బిడ్డకు నొప్పి, జ్వరం, పరాయి ఒంటి రసం, అధికారి బలవంతం, వారి సందేహాలు ఇవి. వీటిలో ఒక్కదానికైనా ఆ కూటశ్లోకం సమాధానం చెప్పదు. పదాల పుట్టుకను గూర్చి సాక్ష్యం లేనిదే ఒక్క వాక్యం వ్రాయని మనిషి, జనం ప్రాణాల విషయంలో వారికి సాక్ష్యం అక్కరలేదనుకోవడమే నాకు బాధ.

1970ల నాటి మశూచి నిర్మూలన ఉద్యమం ఇందుకు భిన్నమైన దారి పట్టింది. ఆరోగ్య కార్యకర్తలు పొక్కులు నిండిన పసివాని బొమ్మ ఉన్న కార్డు పట్టుకొని ఇల్లిల్లూ, బడులూ, సంతలూ తిరిగారు. ఇటువంటి రోగి మీ వాడలో ఉన్నాడా అన్నదొక్కటే ప్రశ్న. చదువురానివారు సైతం బొమ్మ చూచి బదులు చెప్పగలరు. రోగి జాడ తెలిపినవారికి బహుమతి. మన దేశంలో ఆఖరి రోగి 1975 మేలో బయటపడిన పిమ్మట ఆ బహుమతిని 1000 రూపాయలకు పెంచారు. దానిని అందుకొన్నవారు లేరు.