పనితీరు ఎవరిది?

కిందటేడాది ఆశా కార్యకర్తల శిక్షణ పుస్తకం ఒకటి నా దగ్గరికి వచ్చింది, తెలుగు సరిదిద్దమని. ప్రతి అధ్యాయంలోనూ ‘పనితీరు మెరుగుదల’ అన్న మాటే. సాహిత్యం చదువుకున్నదాన్ని కదా, మాట దగ్గరే ఆగిపోయాను. మెరుగుపడాల్సింది ఎప్పుడూ ఆ స్త్రీయేనా? ఆ ప్రశ్న నన్ను చరిత్రలోకి నడిపించింది.

1977 అక్టోబర్ 2న ఊరి ఆరోగ్య కార్యకర్తల పథకం దేశంలో మొదలైంది. వెయ్యి మంది జనాభాకు ఒకరు, మూడు నెలల శిక్షణ, నెలకు 50 రూపాయల గౌరవ భృతి. ఎంపికైనవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే. గర్భిణులతో, బాలింతలతో మాట్లాడాల్సిన పనికి! ఆ భృతి చాలదని, తమను ఉద్యోగులుగా గుర్తించమని వాళ్ళు అడగసాగారు. 1980లో ‘కార్యకర్త’ అన్న మాట తీసేసి ‘స్వచ్ఛంద సేవకులు’ అన్నారు. 1981లో ‘ఆరోగ్య మార్గదర్శులు’ అన్నారు. పేర్లు మారాయి గానీ 50 రూపాయలు మారలేదు.

మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో మాత్రం అంతకుముందే ఇంకో దారి పడింది. 1970లో అక్కడ పని మొదలుపెట్టిన డాక్టర్ మేబెల్ ఆరోలే, రజనీకాంత్ ఆరోలే దంపతులు ఊరి స్త్రీలనే ఆరోగ్య కార్యకర్తలుగా తీసుకున్నారు. వాళ్ళలో చాలామందికి చదువు రాదు. దళిత స్త్రీలూ ఎందరో ఉన్నారు. ఒకసారి శిక్షణ ఇచ్చి వదిలేయలేదు. వాళ్ళు క్రమం తప్పకుండా ఒకచోట చేరి, ఊళ్ళో ఎదురైన చిక్కులు చెప్పుకునేవారు, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకునేవారు. వాళ్ళ చేతికి మించిన కేసొస్తే వెనక ఆసుపత్రి ఉండేది.

అదే రాష్ట్రంలోని గడ్చిరోలిలో డాక్టర్ రాణీ బంగ్, అభయ్ బంగ్ శిక్షణ ఇచ్చిన ఊరి స్త్రీలు ఇంటింటికీ వెళ్ళి పసిగుడ్డుల్ని తూచారు, ఊపిరి లెక్కపెట్టారు, అవసరమైతే సూదిమందు ఇచ్చారు. పదిహేను రోజులకోసారి డాక్టరు వచ్చి తప్పొప్పులు చూసి నేర్పేవారు. పుట్టిన నెలలోపు శిశుమరణాలు దాదాపు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. ఈ రెండు చోట్లా పనితీరు పెంచింది తనిఖీ ఒక్కటే కాదు. వెంట ఉండి నేర్పడం, మందులు అందించడం, ఆమె తెలివిని నమ్మడం.

2005లో ‘ఆశా’ వచ్చింది. ఈసారి స్త్రీలనే కోరుకున్నారు, ఊరి కోడలైతే మరీ మంచిదన్నారు. అయినా ‘స్వచ్ఛంద’ అన్న మాట పోలేదు. కాన్పుకింత, టీకాకింత అని ప్రోత్సాహకం. అర్ధరాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చున్న గంటలు, అత్తగారిని ఒప్పించడానికి తిరిగిన తిరుగుళ్ళు ఏ రిజిస్టర్‌లో ఎక్కుతాయి? ఇంటిపనికి లెక్క లేదని మనం ఇన్నేళ్ళుగా అంటున్నదే ఇక్కడ ఊరంత పెద్దదైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నెలకు 10,000 రూపాయలైనా, అది ఊరికే రాలేదు, రోడ్డెక్కితే వచ్చింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలందరికీ పురస్కారం ప్రకటించింది. పురస్కారంతో వాళ్ళు ఉద్యోగులు కాలేదు.

దిద్దిన ప్రతి అంచున ‘ఎవరి పనితీరు?’ అని రాసి పంపాను. పుస్తకం అచ్చయింది. నా ప్రశ్నకు అందులో చోటు దొరకలేదు. అందుకే మీ ముందు పెడుతున్నాను.