పిల్లల పెట్-సీటీ పఠనం: అంతర్జాల శిక్షణ నేపథ్యం

కణజాలం గ్లూకోజును ఎంత చురుకుగా గ్రహిస్తున్నదో పెట్ స్కాన్ చూపుతుంది. ఆ చోటు ఏ అవయవానిదో సీటీ తెలుపుతుంది. ఈ రెండింటినీ ఒక్కటి చేసిన తొలి నమూనా యంత్రం 1998లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పని ప్రారంభించింది. డేవిడ్ టౌన్‌సెండ్, రొనాల్డ్ నట్ దాని రూపకర్తలు. యంత్రం వచ్చింది గాని, పిల్లల చిత్రాలను చదవగల కన్ను వెంటనే రాలేదు.

పెద్దల చిత్రాలపై శిక్షణ పొందిన వైద్యుణ్ణి పిల్లల చిత్రం తికమక పెడుతుంది. పెరిగే ఎముకల చివళ్ళు ఆరోగ్యవంతులైన పిల్లల్లోనూ వెలుగుతాయి. చలి తగిలితే మెడ దగ్గరి గోధుమరంగు కొవ్వు వ్యాధి సోకిన లింఫు గ్రంథిలా మెరుస్తుంది. లింఫోమాకు కీమోథెరపీ ముగిశాక థైమస్ గ్రంథి తిరిగి ఉబ్బి వెలుగుతుంది. దానిని వ్యాధి తిరగబెట్టినట్లు పొరపడితే, కోలుకున్న బిడ్డ అక్కరలేని పరీక్షలకూ చికిత్సకూ లోనుకావచ్చు.

ఈ తేడా ఎన్నో కేసులు చూస్తేగాని పట్టుబడదు. పిల్లల కేసులేమో ఒక్కచోట అన్ని దొరకవు. అచ్చు పుస్తకం ఒకటి రెండు చిత్రాలతో సరిపెట్టుకోవలసిందే. 2005లో ఆస్ట్రేలియా వైద్యుడు ఫ్రాంక్ గైలార్డ్ ప్రారంభించిన రేడియోపీడియా వంటి కేసుల భాండాగారాలలో అభ్యాసకుడు పొర తరువాత పొర జరుపుకొంటూ చూడగలడు. నా దృష్టిలో అసలు మార్పు ఇదే. అయితే సూదిమందుకు ముందే బిడ్డను వెచ్చగా ఉంచడం, ఏడవకుండా లాలించడం మాత్రం తెరమీద అబ్బే విద్య కాదు.