నీళ్లడిగితే డిపాజిట్ పెంచారు: నల్గొండ 1996

బొంగులూరు గేట్ దగ్గర ఓఆర్ఆర్ దిగి సాగర్ రోడ్డు పట్టుకోండి. ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్ దాటగానే నల్గొండ జిల్లా. ఈ రోజు కథ ఆ జిల్లాదే. ఒకే సీటుకు 480 మంది పోటీ చేసిన ఎన్నిక కథ.

ముందు ఒక మాట. మన రాజ్యాంగంలో దేశమంతా కలిసి ఒక ప్రశ్న మీద ఓటేసే రెఫరెండం లేదు. 1948లో నిజాంతో చర్చలప్పుడు, హైదరాబాద్ భారత్‌లో కలవాలా వద్దా జనాన్నే అడుగుదామనే మాట వచ్చింది. అది జరగలేదు. పోలీస్ యాక్షన్ జరిగింది. ఆ తర్వాత మన చేతిలో ఉన్నదల్లా ఐదేళ్లకోసారి వచ్చే ఓటు. ఏ కోపమైనా దాని మీదే చూపించాలి.

రెఫరెండం ఉన్న దేశాల్లో అంతా సాఫీగా ఉందా అంటే, అదీ లేదు. 2016 జూన్ 23న బ్రిటన్‌లో బ్రెగ్జిట్ ఓటు జరిగింది. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా? దాదాపు 52 శాతం బయటికే అన్నారు. ఇండియా కామన్‌వెల్త్ దేశం కాబట్టి అక్కడుంటున్న మన తెలుగోళ్లు ఇండియన్ పాస్‌పోర్ట్‌తోనే ఓటేయగలిగారు. వారానికి 35 కోట్ల పౌండ్లు యూరప్‌కి పంపుతున్నామని ప్రచారం బస్సు మీద రాసుకుని తిరిగారు. ఆ లెక్క తప్పుదోవ పట్టించేదని అక్కడి గణాంకాల సంస్థే చెప్పింది. చాలామంది తమ ఊరి కష్టం మీద, లండన్ పెద్దల మీద ఉన్న కోపం కూడా అదే కాగితం మీద పెట్టారు. కాగితం అడిగింది ఒకటి, జనం చెప్పింది ఇంకొకటి.

సరే, నల్గొండకు వద్దాం.

మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. ఇక్కడ చాలా ఊళ్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పళ్లు గారబట్టడం, ఎముకలు వంకర్లు పోవడం, పిల్లలు సరిగ్గా ఎదగకపోవడం. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరీ శాస్త్రవేత్తలు పెట్టిన పేరే 'నల్గొండ టెక్నిక్'. ఆఫ్రికా దేశాల దాకా పోయిందా పేరు. ఊరికి మాత్రం మంచినీళ్లు రాలేదు. ఇంకో విచిత్రం, నాగార్జునసాగర్ డ్యాం ఉన్నది కూడా ఇదే జిల్లాలో.

దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలో జలసాధన సమితి ఏళ్ల తరబడి కొట్లాడింది. ధర్నాలు చేసినా ఢిల్లీ వినట్లేదు. అప్పుడు 1996 లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. డిపాజిట్ 500 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 250. అందరం నామినేషన్ వేద్దాం అనుకున్నారు. మొత్తం 480 మంది బరిలో నిలిచారు. ఆ ఎన్నికలో ఈవీఎంలు లేవు, అంతా పేపరే. అన్ని పేర్లు, అన్ని గుర్తులు ఒక కాగితంలో ఎట్లా పట్టిస్తారు? బ్యాలెట్ పుస్తకమంత అయింది. అది అచ్చేయడానికే పోలింగ్ వాయిదా పడింది.

దేశమంతా నల్గొండ పేరు మోగింది. కోరుకున్నదీ అదే. కానీ లోపల ఓటేసే మనిషి సంగతి ఆలోచించండి. చదువు రాని పెద్దామె ఆ పుస్తకం తిప్పుకుంటూ తన గుర్తు వెతుక్కోవాలి. నిరసనకు ఓటేద్దామన్నా ఆ వందలమందిలో ఎవరికి వేయాలి? నీళ్ల ఓటు చీలికలు పేలికలైపోయింది. గెలిచింది సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం. సాయుధ పోరాటం నుంచి వచ్చిన పెద్దమనిషి, గౌరవం ఉన్న నేత, అందులో డౌట్ లేదు. కానీ 1991లో గెలిచిందీ ఆయనే. ఇంత కోపం వెళ్లగక్కాక కూడా ఫలితాల కాగితం మీద కనిపించింది పాత ఎంపీ మళ్లీ గెలిచాడనే.

ఢిల్లీకి ఏం అర్థమైంది? అభ్యర్థులు ఎక్కువైపోయారని! అదే ఏడాది చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్ 10,000 చేశారు, ఎస్సీ, ఎస్టీలకు 5,000. ఇండిపెండెంట్ అయితే పదిమంది ప్రతిపాదకులు కావాలన్నారు. నల్గొండ ఒక్కటే కారణం కాదు. తమిళనాడులో మొడకురిచ్చి అసెంబ్లీ సీటుకు అప్పుడే 1,033 మంది నిలబడ్డారు. అయినా నాకిది మింగుడుపడదు. నీళ్లడిగినోళ్లకు ముందుగా వచ్చిన జవాబు ఫీజు పెంపు.

ఆ డిపాజిట్ తర్వాత 25,000 అయింది. అంత కట్టి మరీ 2019లో నిజామాబాద్ పసుపు రైతులు దిగారు. మొత్తం 185 మంది అభ్యర్థులు, ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు. ఈసారి కోపం సూటిగానే తగిలింది, సిట్టింగ్ ఎంపీ కవిత ఓడిపోయారు. గెలిచిన ధర్మపురి అర్వింద్ బాండ్ పేపర్ మీద రాసిచ్చిన పసుపు బోర్డు 2025 జనవరిలో మొదలైంది.

ఇక మన ఇబ్రహీంపట్నం. ఇది భువనగిరి లోక్‌సభలో ఉంది. అదే 2019లో ఇక్కడ గెలుపోటముల తేడా ఐదు వేల పైచిలుకు. రోడ్ రోలర్ గుర్తు మీద నిలబడ్డ ఇండిపెండెంట్‌కు దాదాపు 28 వేల ఓట్లు పడ్డాయి. అవి మా కారు అనుకుని నొక్కినవని టీఆర్ఎస్ గోల పెట్టింది. అందులో పొరపాటున నొక్కింది ఎందరో, పెద్ద పార్టీల మీద విసుగుతో కావాలనే నొక్కింది ఎందరో మెషీన్ చెప్పదు. దానికి తెలిసింది అంకె ఒక్కటే.

మీ ఇంట్లో నల్గొండ వైపు చుట్టాలుంటే, 1996లో ఓటేసిన నానమ్మో తాతో ఉంటే, ఆ బ్యాలెట్ పుస్తకంలో తమ గుర్తు ఎట్లా వెతుక్కున్నారో ఒకసారి ఫోన్ చేసి అడగండి.