అరిగిన అక్షరం: రూపం, సారం

రూపాన్ని సారం నుంచి విడదీయరాదని కవిత్వం విషయంలో మనం ఎన్నోసార్లు చర్చించుకున్నాం. ఆ కవిత్వాన్ని మోసే అచ్చక్షరానికీ ఈ సూత్రం వర్తిస్తుందని నా అభిప్రాయం. అంచులు చెదిరి, మధ్యమధ్య సిరా అంటనట్టు కనిపించే అక్షరాలు ఇవాళ సినిమా పోస్టర్ల మీద, హోటల్ మెనూల మీద, పుస్తకాల అట్టల మీద విరివిగా కనిపిస్తున్నాయి. ఈ తెచ్చిపెట్టుకున్న పాతదనానికి అసలు ఎక్కడుంది?

చాలావరకు అమెరికా కొయ్య టైపులో ఉంది. 19వ శతాబ్దపు వ్యాపారానికి గోడమీద దూరం నుంచి కనబడే అక్షరాలు కావలసివచ్చాయి. అంతటి అక్షరాన్ని లోహంతో పోతపోస్తే బరువు, ఖర్చు; చల్లారేటప్పుడు ముఖం సమంగా రాదు. 1827లో న్యూయార్కులో డేరియస్ వెల్స్ కొయ్య అక్షరాలను యంత్రంతో చెక్కే పద్ధతి తెచ్చాడు. 1834లో విలియం లెవెన్‌వర్త్ దానికి పాంటోగ్రాఫ్ జోడించాడు. ఒక్క నమూనా ఉంటే చాలు, కావలసిన సైజుల్లో చెక్కుకోవచ్చు.

ఈ టైపుతో సర్కస్సులు, నాటకాలు, ఓడ ప్రయాణాల ప్రకటనలు అచ్చయ్యాయి. బానిసల వేలం ప్రకటనలూ అచ్చయ్యాయి. ఇవాళ "పాతకాలపు సొగసు"గా చెలామణి అవుతున్న అక్షరంలో ఆ వేలంపాట వినిపించదు.

అరుగుదల సంగతి మరీ ముఖ్యం. చిన్న ఊళ్ళ ప్రెస్సులు కొత్త టైపు కొనలేక ఒకే టైపును దశాబ్దాలు వాడాయి. అంచులు విరిగాయి, ముఖాల మీద గాట్లు పడ్డాయి. ఏ ముద్రాపకుడూ దీన్ని అందం అనుకోలేదు. అరిగిన అక్షరం కింద కాగితం ముక్క పెట్టి, ఎత్తు సరిచేసి, లోపం కనబడకుండా చూశాడు. అతడు దాచిన లోపాన్నే మన కాలం సరుకు చేసింది.

1991లో నెదర్లాండ్స్‌కు చెందిన ఎరిక్ వాన్ బ్లోక్‌లాండ్ పాత టైపురైటర్ అక్షరాలతో 'ట్రిక్సీ' అనే ఫాంటు రూపొందించాడు. 1993లో మొదలైన 'ది ఎక్స్ ఫైల్స్' టీవీ ధారావాహికతో అది ప్రపంచమంతా తెలిసింది. దానిలో కొంత నిజాయితీ ఉందంటాను. టైపురైటర్‌లో ఒక్కో అక్షరానికి ఒక్కటే అచ్చు. దాని లోపం ప్రతిసారీ అలాగే పడుతుంది. 1950లో ఆల్జర్ హిస్‌కు శిక్షపడిన కేసులో అటువంటి పోలికలే ప్రధాన సాక్ష్యాల్లో ఒకటి.

కొయ్య టైపు అలా కాదు. ఒకే అక్షరానికి కేసులో అనేక ప్రతులుంటాయి. దేని గాయం దానిది. దాన్ని అనుకరించే చౌకరకం ఫాంటులో మాత్రం ఒకే పదంలోని రెండు అక్షరాలకు ఒకే చోట ఒకే పగులు! ఇది బయటపడకుండా, ఒక్కో అక్షరానికి నాలుగైదు రూపాలు గీసి, వంతులవారీగా వచ్చేట్టు అమర్చే ఫాంట్లూ వచ్చాయి. దాచే పని మళ్ళీ మొదలైందన్నమాట, ఈసారి అరుగుదల లేకపోవడాన్ని దాచడానికి.

పాత కరపత్రాన్ని ఉన్నదున్నట్టు పునర్ముద్రిస్తే, అందులోని విరిగిన అక్షరాన్ని నేను గౌరవిస్తాను, అది సాక్ష్యం. శ్రామికుల గురించి రాసిన కొత్త కవితా సంపుటికి మాత్రం కొనితెచ్చిన గాట్లు ఎందుకో, అట్ట వేయించే కవులే చెప్పాలి.