రామప్ప గుడి ఎవరి ఘనత?

2021లో పాలంపేట రామప్ప గుడి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కగానే దేశాభిమానులందరూ రొమ్ము విరుచుకున్నారు. విరుచుకోవద్దని నేననను. మనకు చరిత్రే లేదని పరాయి పాలకులు ఎగతాళి చేసిన రోజుల్లో ఇలాంటి గర్వమే తలెత్తుకునే బలమిచ్చింది. 1947 తర్వాత పరాయివాడు పోయాడు, గర్వం మిగిలింది. ప్రశ్నించిన సొంతవాడి నోరు మూయించడానికి కూడా ఇప్పుడది పనికివస్తున్నది.

గుడి శాసనాన్నే చూడండి. 1213 నాటిది, సంస్కృతంలో ఉన్నది. కట్టించినవాడు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడనీ, దేవునికి ఊళ్ళు దానమిచ్చాడనీ చెబుతుంది. ఇసుక నింపిన పునాదిమీద అంత బరువును నిలిపినవారెవరో, నీటిపై తేలే ఇటుకలు కాల్చి శిఖరానికెత్తినవారెవరో, నల్లరాతిలో మదనికలను చెక్కినవారెవరో చెప్పదు. రామప్ప అనే శిల్పి పేరు జనం నోటనే మిగిలింది. (శాసనాలకన్న జనానికే జ్ఞాపకశక్తి ఎక్కువ కాబోలు!) ఇక దానమిచ్చిన ఊళ్ళ రైతులకు ఆపాటి పేరు కూడా దక్కలేదు, గుడిలో దీపం వెలిగింది మాత్రం వారి పంటతోనే.

"మా పూర్వీకులు కట్టారు" అంటున్నామే, ఏ పూర్వీకులు? సేనానా, కూలివాడా? తండ్రి ఆస్తి కావాలనేవాడు తండ్రి అప్పు నాది కాదంటే చెల్లదు. గుళ్ళు మనవైతే, వాటి గడప కొందరిని తొక్కనివ్వని ఆచారమూ మనదే. అంటరానితనాన్ని రద్దు చేయడానికి 1950 నాటి రాజ్యాంగంలో ఒక అధికరణమే రాయవలసి వచ్చింది. రుద్రుని శాసనం చెప్పే ఉపాధ్యాయుడు ఆ పదిహేడో అధికరణాన్నీ అదే తరగతిలో చెబితే, తరువాత పిల్లలు పడే గర్వానికి నాకేమీ అభ్యంతరం లేదు.