సిమెంటు పరిశ్రమలో హరితగృహ వాయువులు: అంచనా, తగ్గింపు

సిమెంటు తయారీలో వెలువడే బొగ్గుపులుసు వాయువులో సగానికి పైగా ఇంధనం నుండి కాక, సున్నపురాయి నుండే వస్తున్నది. బట్టీ వేడికి రాయి సున్నంగా మారునప్పుడు ఈ వాయువు విడుదలవుతుంది. కనుక బొగ్గును పొదుపు చేసినంత మాత్రాన సమస్య తీరదు.

అంచనా విధానం: ఈ లెక్కకు ఆధారం అమ్మిన సిమెంటు కాదు, బట్టీలో తయారైన క్లింకర్. ఐపీసీసీ 2006 మార్గదర్శకాల ప్రకారం టన్ను క్లింకర్‌కు రాయి నుండి సుమారు 0.52 టన్నుల వాయువు వెలువడుతుంది. ఇంధనం, విద్యుత్తు వాటాలను వేరుగా లెక్కించి దీనికి కలపాలి.

తగ్గించే మార్గాలు: 95 శాతం క్లింకర్ గల సాధారణ సిమెంటు టన్నుకు రాయి వాటా సుమారు 490 కిలోలు. 65 శాతం క్లింకర్, 30 శాతం ఫ్లైయాష్ గల పొజోలానా సిమెంటులో అది సుమారు 340 కిలోలే. భారతీయ ప్రమాణాల మేరకు పొజోలానా సిమెంటులో ఫ్లైయాష్‌ను 35 శాతం వరకు, స్లాగ్ సిమెంటులో ఉక్కు కర్మాగారాల స్లాగ్‌ను 70 శాతం వరకు వాడవచ్చు. కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపిన సిమెంటుకు 2023లో ప్రమాణం వెలువడింది. కడప జిల్లా ఎర్రగుంట్ల ప్రాంతంలో సిమెంటు కర్మాగారాలు, బూడిదనిచ్చే రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం చేరువలోనే ఉన్నాయి. బట్టీల నుండి వృథాగా పోయే వేడితో విద్యుదుత్పత్తి చేయడం మరొక మార్గం.

మిశ్రమ సిమెంటు తొలి రోజులలో నెమ్మదిగా గట్టిపడుతుంది. కావున నిర్మాణదారులు కట్టడాన్ని కనీసం 10 రోజులపాటు నీటితో తడుపుట అవసరం.